పట్టుగూటి నుంచి పీహెచ్‌డీ దాకా
ధర్మవరంలో మగ్గాలు, హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్, ఆ పక్కనే కిరికెరలో రాష్ట్ర పట్టు పరిశోధన సంస్థ. ఇంత పట్టు మధ్య పెరిగిన డిగ్రీ విద్యార్థికి, పట్టుపురుగు జన్యువులను కంప్యూటర్‌తో చదివే బయోఇన్ఫర్మాటిక్స్‌లో పీహెచ్‌డీ అవకాశం ఎక్కడ వెతకాలో తెలియకపోతే ఆ లోటు మనదే. 2004లో జపాన్, చైనా శాస్త్రవేత్తలు పట్టుపురుగు జన్యుక్రమం తొలి ముసాయిదాలు వెలువరించారు. మరుసటి ఏడాదే హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీలో జె. నాగరాజు బృందం పట్టుపురుగు జన్యు సమాచారంతో ‘సిల్క్‌శాట్‌డీబీ’ అనే డేటాబేస్‌ను ప్రపంచం ముందుంచింది. కాబట్టి వెతుకులాట ఉద్యోగ ప్రకటనలతో కాదు, ఇలాంటి పనిని వివరించే పరిశోధన పత్రాలతో మొదలవ్వాలి. రచయితల వరుసలో చివరి పేరు సాధారణంగా ల్యాబ్‌ను నడిపే శాస్త్రవేత్తది. ఆ పత్రం చదివి, విద్యార్థి తనకు తట్టిన ప్రశ్నను రెండు పేరాల్లో రాసి ఆ శాస్త్రవేత్తకు పంపితే, వందమందికి ఒకేలా పంపిన బయోడేటా కంటే ఎక్కువ ఫలితముంటుంది. ఇక ఖర్చుల మాటకొస్తే, సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ పరీక్షలో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) సాధిస్తే, 2023 జనవరిలో పెరిగిన రేటు ప్రకారం నెలకు 37,000 రూపాయలు. నేత కుటుంబానికి అది చిన్న ఆసరా కాదు. ధర్మవరంలో ఎక్కిన రైలే పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగళూరు చేరుస్తుంది. అక్కడ ఐఐఎస్సీ, ఎన్‌సీబీఎస్, ఐబాబ్ వంటి పరిశోధన సంస్థలు ఉన్నాయి. పట్టుపురుగు జన్యు సమాచారం ఇంటర్నెట్‌లో ఉచితం. దాన్ని విశ్లేషించే పైథాన్, ఆర్ ప్రోగ్రామింగ్ భాషలు నేర్చుకోవడానికీ డబ్బు కట్టక్కర్లేదు. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం కాలేజీలు వారానికి ఒక్క గంట ఈ చదువుకు కేటాయించాలి. కిరికెర సంస్థ హైదరాబాద్ ల్యాబ్‌లతో కలిసి ఇక్కడి పిల్లలకు ఏటా కొన్ని ప్రాజెక్టు సీట్లు ఇవ్వాలి.