ఊసరవెల్లికి పెట్టె కొనే ముందు

ఈ నెల నేను రాయాల్సింది స్పోకెన్ ఇంగ్లిష్ గురించి. అది వచ్చే నెల రాస్తాను. ఇప్పుడు ఒక ఊసరవెల్లి గురించి మీతో మాట్లాడాలి.

మా కోరుట్ల బ్రాంచిలో ఏడో తరగతి బాబు ఒకడు పసుపు చేను గెట్టు మీద దొరికిందని ఊసరవెల్లిని అట్టపెట్టెలో పెట్టి క్లాసుకు తెచ్చాడు. నేను అందరితో చప్పట్లు కొట్టించాను, దాని మీద ఇంగ్లిష్‌లో ఐదు వాక్యాలు చెప్పించాను. ఆ సాయంత్రం వాళ్ళ అమ్మ ఫోన్ చేశారు. "మేడం, వాళ్ళ డాడీ దుబాయి నుంచి వీడియో కాల్‌లో చూసిండు. అక్కడ షాపుల్ల దీనికి గాజు పెట్టె, వేడి బల్బు దొరుకుతయంట, పంపిస్త అంటుండు. తెప్పించమంటారా?" "మంచిదే కదండీ" అన్నాను.

ఆ పెట్టె వచ్చేదాకా పాత చేపల తొట్టెలో ఉంచి, పైన బల్బు వేలాడదీశారు. ఒక గిన్నెలో నీళ్ళు పెట్టారు. "మేడం, అది నల్లగా రంగు మారింది!" అని బాబు సంతోషంగా వచ్చి చెప్పాడు. నేనూ సంతోషించాను. తొమ్మిదో రోజు అది చచ్చిపోయింది. బాబు రెండు రోజులు స్కూలుకు రాలేదు. ఊసరవెల్లి గురించి నేను చదవడం మొదలుపెట్టింది ఆ తర్వాతే.

బాధలో ఉన్నప్పుడు అది నల్లబడుతుందట. చుట్టూ ఉన్న రంగులో కలిసిపోవడానికే రంగు మారుస్తుందని మనం చిన్నప్పటి నుంచి వింటున్నాం. నిజానికి ఎండ, చలి, భయం, కోపం, ఇవే ఎక్కువగా దాని రంగును మారుస్తాయి. చర్మంలోని సన్నటి స్ఫటికాల మధ్య దూరం మారడం వల్ల రంగు మారుతుందని జెనీవా శాస్త్రవేత్తలు 2015లో చూపించారు.

యూట్యూబ్‌లో కనిపించే హీటింగ్ ఏర్పాట్లు ఎక్కువగా చలి దేశాల ఇళ్ళకోసం చేసినవి. అక్కడ కూడా తెలిసినవాళ్ళు వాడేది గాలి ఆడే జాలీ పంజరం. దాదాపు నాలుగు అడుగుల ఎత్తు, లోపల కొమ్మలు, ఆకులు. బల్బు పంజరం బయటే ఉండాలి. పైన ఒక్క మూలే 30 డిగ్రీల చుట్టుపక్కల వెచ్చగా ఉంటే చాలు, మిగతాదంతా చల్లగా ఉండాలి. దాని ఒంట్లో సొంతంగా వేడి పుట్టదు. కావాలంటే వెచ్చని చోటికి పోతుంది, చాలనుకుంటే నీడకు వస్తుంది. మేము పెట్టిన తొట్టెలో పోవడానికి నీడే లేదు. ఇక ఎముకలకు కావాల్సిన అతినీలలోహిత కాంతిని మామూలు గాజు ఆపేస్తుంది. గిన్నెలో నిలిచిన నీళ్ళను అది నీళ్ళుగా గుర్తుపట్టదు, ఆకుల మీది చుక్కలే తాగుతుంది. మే నెలలో 45 డిగ్రీలు దాటే జగిత్యాలలో హీటర్ ఎవరికి కావాలి చెప్పండి?

ఇదంతా సరిగ్గా అమర్చినా మన ఊసరవెల్లిని ఇంట్లో ఉంచడం నేరమే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని కాపాడుతుంది. పట్టుకోవడం కూడా ఆ చట్టం లెక్కలో వేటే. గల్ఫ్‌లో అమ్మేవి విదేశీ జాతులు. వాటిని పర్మిట్లు లేకుండా లగేజీలో తేకూడదు. ఇక్కడ పెంచుతుంటే 2024 నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. సెలవు మీద వచ్చే నాన్నలు ఎయిర్‌పోర్టులో ఇరుక్కోవద్దని ఈ మాట ప్రత్యేకంగా రాస్తున్నాను.

అయినా పెట్టె తెచ్చిన పిల్లాడిని తిట్టకండి. సిరిసిల్లలో మా తోటి టీచర్ ఒకామె, గోడ మీది ఊసరవెల్లిని పిల్లలు రాళ్ళతో కొడుతుంటే ఆపారు. "విషం ఉంటది టీచర్, ఇంట్ల చెప్పిన్రు" అన్నారట వాళ్ళు. దానికి విషం లేదు. రాయి తీసుకున్న పిల్లల కన్నా పెట్టె తెచ్చిన పిల్లాడే నాకు నచ్చాడు. తప్పు చెప్పింది అతనికి నేను.

మీ పెరట్లో గోరింటాకు, కరివేపాకు గుబురుగా పెరగనివ్వండి. ఎండాకాలం సాయంత్రాలు ఆకుల మీద నీళ్ళు చల్లండి. వస్తే వస్తుంది, రాకపోతే లేదు. రాత్రి నిద్రపోయేటప్పుడు ఊసరవెల్లి లేత రంగులోకి మారుతుంది. టార్చ్ వేస్తే కొమ్మ మీద తెల్లగా కనిపిస్తుంది. దూరం నుంచి చూసి, వెలుతురు వెంటనే తీసేయండి. దుబాయి నుంచి ఏదైనా పంపాలనుకునే నాన్నలు మంచి టార్చ్ పంపండి. రాత్రిపూట పొదల దగ్గర పాములుంటాయి కాబట్టి, పిల్లలకు బూట్లు వేసి మీరే వెంట వెళ్ళండి.