క్లిప్పుల కంటే ముందు దవడ సంగతి అడగండి



ఎనిమిది, తొమ్మిది తరగతులకు వచ్చేసరికి చాలామంది పిల్లల పళ్ళకు క్లిప్పులు కనిపిస్తున్నాయి. మంచిదే. కానీ వేయించే ముందు మీరు డాక్టర్‌ని ఒక్క మాట అడిగారా? "లోపం పళ్ళలో ఉందా, దవడ ఎముకలో ఉందా?"

పళ్ళు మాత్రమే వంకరైతే క్లిప్పులు చాలు. కింది దవడ బాగా ముందుకొచ్చినా, వెనక్కి పోయినా, ముఖం ఒక పక్కకు ఒరిగినా క్లిప్పులు పళ్ళను జరుపుతాయి గానీ ఎముకను జరపలేవు. చిన్న వయసులోనైతే కొందరికి దవడ ఎదుగుదలను దారిలో పెట్టే పరికరాలున్నాయి. అమెరికాలోని ఆర్థోడాంటిస్టుల సంఘం ఏడేళ్ళకే ఒకసారి చూపించమనేది అందుకే. తేడా పెద్దదైతే ఎదుగుదల ఆగాక ఆపరేషన్ చేయాల్సి వస్తుంది. అంటే మగపిల్లలకు సాధారణంగా 18 ఏళ్ళ తర్వాతే, ఆడపిల్లలకు కొంచెం ముందు. టెన్త్ సెలవుల్లో ముగించేద్దామంటే కుదరదు.

ముందే అడగమనడానికి గట్టి కారణం ఉంది. దవడ లోపాన్ని క్లిప్పులతోనే కప్పిపుచ్చాలంటే పళ్ళను ఒక దిక్కుకు జరుపుతారు. ఆపరేషన్‌కు సిద్ధం చేయాలంటే సరిగ్గా ఎదురు దిక్కుకు. మధ్యలో మనసు మార్చుకుంటే చేసిందంతా వెనక్కి తిప్పాలి. పీకించిన పన్ను మాత్రం తిరిగి రాదు.

ఈ నిర్ణయంలో కంప్యూటర్ ప్లానింగ్ నిజంగా పనికొస్తుంది. పాత పద్ధతిలో ఎక్స్‌రే మీద పలచటి కాగితం పెట్టి గీతలు గీసేవారు, ప్లాస్టర్ అచ్చులు పోసి కోసి అతికించి చూసేవారు. ఇప్పుడు సీటీ స్కాన్, నోటి స్కాన్, ఫొటోలు కలిపి తెరపై త్రీడీ నమూనా చేస్తారు. ఏ ఎముకను ఎన్ని మిల్లీమీటర్లు జరపాలో, కింది పెదవికి స్పర్శనిచ్చే నరం ఎక్కడుందో ముందే చూస్తారు. ఆ లెక్క ప్రకారం త్రీడీ ప్రింటర్‌లో చేసిన ప్లాస్టిక్ స్ప్లింట్‌ను థియేటర్‌లో పళ్ళ మధ్య పెట్టి దవడను అనుకున్న చోట నిలుపుతారు. ముఖం ఒరిగినవారికి దీంతో లాభం ఎక్కువ, పక్కనుంచి తీసే ఎక్స్‌రేలో ఆ వంకర సరిగా తెలియదు. అమ్రాబాద్ లాంటి ఊళ్ళకు ఇంకో సుఖం కూడా ఉంది. మహబూబ్‌నగర్‌లో క్లిప్పులు వేసే డాక్టర్, హైదరాబాద్‌లోని సర్జన్ ఒకే ఫైల్ చూసి మాట్లాడుకోవచ్చు. మన్ననూరులో శ్రీశైలం బస్సు కోసం నిలబడే తిప్పలు కొన్నైనా తగ్గుతాయి.

అయితే తెరపై బొమ్మ హామీపత్రం కాదు. ఎముక లెక్క కుదిరినంత కచ్చితంగా పెదాలు, బుగ్గలు ఎలా సర్దుకుంటాయో సాఫ్ట్‌వేర్ చెప్పలేదు. ఫోన్ ఫిల్టర్లతో పెరుగుతున్న పిల్లలకు ఈ తేడా కూర్చోబెట్టి చెప్పాలి. కింది దవడ ఆపరేషన్ తర్వాత పెదవి తిమ్మిరి నెలల తరబడి ఉండొచ్చు, కొందరికి పూర్తిగా పోదు కూడా. ఇవన్నీ బిడ్డను పక్కన పెట్టుకునే అడగండి. ముఖం వాళ్ళది. బిడ్డ మనస్ఫూర్తిగా సరేననేదాకా ఆపరేషన్ తేదీ ఖాయం చేయకూడదని నా అభిప్రాయం. పెళ్ళి సంబంధాల మాట అసలు ఎత్తకండి.

ఇక క్లాసు సంగతి. ఆపరేషన్‌కు ముందు క్లిప్పులు తరచుగా ఏడాది, ఏడాదిన్నర ఉంటాయి. ఆ కాలంలో పళ్ళు ఎముకకు తగ్గట్టు నిలబడేకొద్దీ లోపం మునుపటికంటే ఎక్కువగా కనిపిస్తుంది. అదీ సరిగ్గా తోటిపిల్లలు పేర్లు పెట్టే వయసులో! 'ఎస్', 'ఎఫ్' శబ్దాలు సరిగా పలకకపోతే ఇంగ్లిష్ టీచర్‌గా నేను దిద్దుతాను. అది దవడ వల్లేనని మీరు చెబితే అందరి ముందు గట్టిగా చదివించను.

మహబూబ్‌నగర్‌లో ఎస్వీఎస్ డెంటల్ కాలేజీ ఉంది. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆస్పత్రిలో ఆర్థోడాంటిక్స్, ఓరల్ సర్జరీ విభాగాలు రెండూ ఉన్నాయి. చిన్నప్పుడు గ్రహణమొర్రికి ఆపరేషన్ అయిన పిల్లల్లో పై దవడ వెనకబడటం తరచుగా జరుగుతుంది, వాళ్ళను తప్పకుండా చూపించండి. పాత ఎక్స్‌రేలు వెంట తీసుకెళ్ళండి. తేదీ ఖాయమైతే క్లాస్ టీచర్‌కు ముందే ఒక మాట చెప్పండి, పరీక్షల సంగతి మేం చూసుకుంటాం.