యంత్రము నిదానించుటకు నిదానమేమి?

తెలుగున ‘నిదానము’ అను మాటకు రెండర్థములు గలవు. వాడుకలో అది నెమ్మది. వైద్యశాస్త్రమున అది రోగకారణమును నిర్ణయించుట. మాధవకరుని వైద్యగ్రంథమునకు ‘మాధవ నిదానము’ అను పేరు ఈ రెండవ యర్థముననే కలిగినది. చదువుకొను పిల్లలున్న యిండ్లలో నేడు తరచుగా వినవచ్చు నొక మొరకు ఈ రెండర్థములును పనికివచ్చును. ఆట మొదలిడినపుడు లేడివలె పరుగెత్తిన కంప్యూటరు, పావుగంట గడచునప్పటికి కాళ్లీడ్చుకొనుచు నడచును. ఎదిరి తుపాకి యెత్తుట తెరపై కనబడులోపల ఇచటి వీరుడు నేలగూలి యుండును. యంత్రము నిదానించినది, నిదానము చేయువారే కానరారు.

అభిప్రాయములకు మాత్రము కొదువలేదు. పాడు ఆటలవలన యంత్రము చెడినదని తండ్రి యనును. ఇది పాతబడినది, క్రొత్తది కొనక తప్పదని కొడుకు పట్టుపట్టును. విండోసు చెడినది, ఫార్మాట్ చేయవలెనని మరమ్మతు దుకాణమువాడు తేల్చివేయును. మూడును ఒక్క పరీక్షయైన చేయక చెప్పిన తీర్పులే. అందు మూడవది మిక్కిలి ప్రమాదకరము. ముందుగా వేరొకచోట దాచుకొననిచో పెండ్లి ఫోటోలు మొదలు పరీక్షకై సిద్ధపరచుకొనిన ప్రాజెక్టు వరకు సర్వమును ఆ ఫార్మాట్‌తో తుడిచిపెట్టుకొని పోవును. తరువాత రెండునాళ్లు యంత్రము తేలికపడినట్లు తోచును. మూడవనాడు ఆట తెరువగనే మరల పాతకథయే. విండోసును తుడిచినంతమాత్రమున ఫ్యానులోని దుమ్ము తుడిచికొనిపోవునా?

అసలు జరుగుచున్నదేమో చూడవలెను. ఉత్తరము వ్రాయునపుడు కంప్యూటరునకు అక్షరమునకును అక్షరమునకును నడుమ బోలెడంత విశ్రాంతి. ఆటలో అట్లు కాదు. సెకనుకు 60 ఫ్రేములు చూపవలెనన్న, ఒక్కొక్క ఫ్రేమును సుమారు 16 మిల్లీసెకనులలో సిద్ధపరుపవలెను. ప్రాసెసరును గ్రాఫిక్స్ కార్డును ఊపిరి తిప్పుకొనక పాటుపడును. అవి త్రాగిన కరెంటు యావత్తును తుదకు వేడిమిగా మారును. ఆ వేడిమి బయటికి పోవు దారి సన్నగిల్లినచో లోపలి చిప్పు సుమారు 100 డిగ్రీల సెల్సియసును సమీపించును. అంతట అది తన్ను తాను కాపాడుకొనుటకై తన వేగమును తానే తగ్గించుకొనును. దీనిని జబ్బు అనుటకంటె ఆత్మరక్షణ మనుట న్యాయము.

ఈ రక్షణ లేనినాడు ఏమగునో 2001లో టామ్స్ హార్డ్‌వేర్ వారు లోకమునకు ప్రత్యక్షముగా చూపిరి. నడుచుచున్న కంప్యూటరునందు ప్రాసెసరుపైనున్న చల్లబరచు దిమ్మెను ఊడదీసిరి. ఆనాటి ఎ.ఎం.డి. ఆథ్లాన్ పొగలు గ్రక్కి క్షణములలో మాడిపోయినది. ఇంటెల్ పెంటియం 4 మాత్రము మాడలేదు. నత్తనడకకు దిగి, దిమ్మెను మరల పెట్టగనే పూర్వపు వేగమును పుంజుకొన్నది. నేటి ప్రాసెసరులన్నియు ఈ రెండవదాని మార్గముననే నడుచుచున్నవి. కనుక పిల్లవాని ల్యాప్‌టాప్ ఆటనడుమ మందగించినదన్న అది ఇంకను బ్రదుకనెంచుచున్నదని అర్థము. దానిని పారవేయుటకు తొందరయేల?

పైగా మన సీమ వేసవి యొకటి. రెంటచింతలయందో రామగుండమునందో మే మాసపు మధ్యాహ్నము గదిలోని గాలియే 40 డిగ్రీలు దాటియుండగా, ఆ గాలిని పీల్చి చిప్పును చల్లబరుపవలసిన ఫ్యాను ఏమి చేయగలదు? గది ఎన్ని డిగ్రీలు వేడెక్కునో లోపలి చిప్పును ఇంచుమించుగ అన్ని డిగ్రీలును వేడెక్కును. అట్టి వేళ ల్యాప్‌టాప్‌ను దూదిపరుపుపై నుంచి, అడుగునగల గాలిరంధ్రములను మూసి, ఆటాడి, కంపెనీని తిట్టుట మనలో పరిపాటి.

అయినను మందగించిన ప్రతి యంత్రమునకును వేడిమియే కారణమనుట మరియొక మూఢత్వము. ఎట్లు మందగించినదో గమనించిన సగము గుట్టు బయటపడును. మొదట చక్కగా నడచి పది పదునైదు నిమిషములకు కూలబడినచో వేడిమిని శంకింపవలెను. మొదటినుండియు నత్తనడకయే యైనచో ఛార్జరు తగిలించి యున్నదా, ఆట నిజముగా గ్రాఫిక్స్ కార్డుపై నడుచుచున్నదా, లేక ప్రాసెసరులో నిమిడియున్న చిన్న గ్రాఫిక్స్‌పై నడుచుచున్నదా యని చూడవలెను. బ్యాటరీపై నున్నపుడు ల్యాప్‌టాప్ శక్తిని పొదుపుచేయుట సహజము. సాఫీగా నడుచుచునే నడుమనడుమ క్షణకాలము కొయ్యబారినచో ర్యామో, గ్రాఫిక్స్ కార్డులోని మెమొరీయో చాలక డిస్కును దేవులాడుచున్నదని తలంపవచ్చును. ఇక చుట్టునున్న దృశ్యమంతయు సాఫీగా కదలుచు, ఎదుటి యాటగాండ్రు మాత్రము గంతులువేయుచు కానవచ్చినచో ఆ దోషము కంప్యూటరుది కానేకాదు, ఇంటర్నెట్టుది. ఈ తేడా తెలియక ఇంటర్నెట్టు చేసిన తప్పునకు కంప్యూటరును దండించువారు తక్కువ లేరు.

అనుమానమును రూఢి చేసికొనుటకు పైకమక్కరలేదు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో వంటి ఉచిత సాధనము వేడిమిని వేగమును ప్రక్కప్రక్కన చూపును. దానిని నడువనిచ్చి అరగంట ఆటాడినచో చాలును. వేడిమి మీదికెక్కిన నిమిషముననే వేగము క్రిందికి దిగినచో ఇక వాదమునకు తావులేదు. చిత్రపు రిజల్యూషను తగ్గించి చూచుట మరియొక పరీక్ష. దానితో ఫ్రేములు పెరిగినచో భారము గ్రాఫిక్స్ కార్డుపై నున్నది. పెరుగనిచో సామాన్యముగా ప్రాసెసరుపై నున్నది.

చికిత్స తరచుగా స్వల్పమే. ల్యాప్‌టాప్ వెనుకవైపు కొంచె మెత్తి పెట్టుట, ఫ్యాను తిరుగకుండ పట్టుకొని దుమ్ము ఊదించుట, ఎండి గట్టిపడిన థర్మల్ పేస్టును పనివానిచేత మార్పించుట. అన్నిటికంటె సులభమైనది ఫ్రేములకు హద్దు విధించుట. 60 ఫ్రేములు చూపు తెరకొరకు 140 ఫ్రేములు గీయించి యంత్రమును ఉడికించుటలో ఏమి ప్రయోజనము? ‘గేమ్ బూస్టరు’ పేరిట, ‘ర్యామ్ క్లీనరు’ పేరిట వచ్చు సాఫ్ట్‌వేర్లు దుమ్మును తుడువలేవు, పేస్టును పూయలేవు. తామును నేపథ్యమున నడుచుచు మరికొంత భారమగుటయు కలదు.

ఆటలనే నిందించు పెద్దలకు ఒక్కమాట. ఆట ఆ దోషమును పుట్టించలేదు, బయటపెట్టినది. అదే ల్యాప్‌టాప్‌పై రేపు ఆ పిల్లవాడు వీడియో ఎడిటింగునకో, బ్లెండర్‌లో బొమ్మ తయారు చేయుటకో పూనుకొన్నను అది అట్లే కూలబడును.

తయారీదారులును నిర్దోషులు కారు. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4060 అను ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే పేరుతో 35 వాట్లు మొదలు 115 వాట్ల వరకు వేర్వేరు మోడళ్లలో వేర్వేరు శక్తితో అమరియుండును. పలుచని యొడలిలో తక్కువ వాట్లతో నున్నదియు, దిట్టమైన యొడలిలో ఎక్కువ వాట్లతో నున్నదియు కొనువానికి ఒక్కటిగనే తోచును. పెట్టెపై పేరు పెద్దక్షరములలో నుండును. వాట్లు ఎచటనో వివరపత్రపు మూలనుండును. అరగంట ఆట తరువాత ఈ యంత్రము ఎన్ని వాట్లను నిలుపుకొనునని అడిగినచో దుకాణములో బదులు చెప్పువా రరుదు. నెలనెల వాయిదాలు కట్టి ల్యాప్‌టాప్ కొనిపెట్టు తండ్రికి ఆ సంఖ్య తెలిసికొను హక్కు కలదు. అది పేరు ప్రక్కనే, అంత పెద్దక్షరములలోనే ఉండవలెను.