పద్దులో ఎర్ర పెన్సిలు

పోయిన శ్రావణమాసంలో వొక ఆదివారం సాయంత్రం వీధి అరుగు మీద కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను. మా కాలేజీలో బి.ఎ. రెండో సంవత్సరం చదివే అమ్మాయి తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. తల్లి కొంగుముడి విప్పి, చేతిరుమాలులో చుట్టిన నానుతాడు నా ముందు పెట్టింది.

"దీన్ని బ్యాంకులో కుదువ పెట్టమంటారా మాస్టారూ? మీరు సరేనంటే రేపే పెట్టేస్తాను" అంది.

నా గుండె ఝల్లుమంది. ఆవిడ కుట్టుమిషను తొక్కి కూతురిని చదివిస్తున్న మనిషి. ఆ ఇంట్లో బంగారమంటే అదొక్కటే.

సంగతేమిటంటే, ఈ అమ్మాయీ, ఆమెతో చదివే మరిద్దరూ కలిసి పొద్దున్నపూట పార్కు గేటు దగ్గర రాగిజావ అమ్మాలనుకున్నారు. ఆలోచన మంచిదే. చక్కెర వ్యాధి పుణ్యమా అని ఈ రోజుల్లో తెల్లవారుజామున నడవనివాడు లేడు. గ్లాసు 15 రూపాయలు. పిండీ, మజ్జిగా, గ్యాసూ కలిపి 8 రూపాయలు పడుతుంది. చిక్కల్లా పెట్టుబడి దగ్గరే. వాళ్ళు రాసుకొచ్చిన పద్దు అక్షరాలా 62,000 రూపాయలు!

"రేపు చెబుతాను. ముందు దాన్ని మెళ్ళో వేసుకోండమ్మా" అని పంపించాను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేనూ వొకప్పుడు వ్యాపారిని. చదువుకునే రోజుల్లో ఇద్దరు స్నేహితులతో కలిసి అద్దెపుస్తకాల కొట్టు పెట్టాను. పెట్టుబడి మా అమ్మ గాజులు. టీవీ సీరియళ్ళు వచ్చి మా పుస్తకాల సీరియళ్ళను మింగేశాయి. పది నెలల్లో కొట్టు మూతపడింది. గాజులు మాత్రం తిరిగి రాలేదు. మా అమ్మ ఆ మాట వొక్కనాడూ ఎత్తలేదు. ఎత్తి వుంటే ఇంత బాధ వుండేది కాదేమో.

మర్నాడు పిల్లలు ముగ్గురినీ కూర్చోబెట్టాను. అప్పటికే వాళ్ళు తిరగని చోటు లేదట. వొక బ్యాంకుకు వెళితే, కౌంటరు దగ్గరి ఆయన తలెత్తకుండానే "మీ నాన్నగారిని తీసుకురండి" అన్నాడట. 2015 ఏప్రిల్‌లో మొదలైన ముద్రా పథకం ఎందుకున్నట్టు? అందులో 'శిశు' తరగతి కింద 50,000 రూపాయల దాకా తాకట్టు లేకుండానే అప్పు ఇవ్వాలి. అడిగే పద్ధతి తెలిసి, లెక్క కాగితం మీద పెట్టి, మేనేజరును కలిస్తే ఆ తలుపు తెరుచుకోవచ్చు. అయితే ముగ్గురిలో వొకడికి పద్దెనిమిది నిండలేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం మైనరు సంతకానికి విలువ లేదు. కనుక అప్పు పత్రం మీద వాడి పేరు కుదరదు.

ఆ కుర్రవాడే హుషారుగా, "మార్కెట్టులో వొకాయన వెంటనే ఇస్తానన్నాడు మాస్టారూ. పదివేలకు వెయ్యి ముందే పట్టుకుని తొమ్మిదివేలు చేతికిస్తాడు. రోజుకు వంద చొప్పున నూరు రోజులు కట్టాలి. వడ్డీ నూటికి పదేగా!" అన్నాడు.

"పది కాదురా నాయనా" అన్నాను. "తొమ్మిదివేలూ నీ దగ్గర నూరు రోజులుంటాయా? మర్నాటి నుంచే తరిగిపోతాయి. సగటున నువ్వు వాడుకునేది నాలుగున్నర వేలే. దానికి మూడు నెలల పది రోజులకు వెయ్యి రూపాయలు. ఏడాదికి లెక్క కట్టు." వాడు ఫోనులో లెక్కవేసి తెల్లబోయాడు. నూటికి డెబ్బైకి పైమాటే!

తర్వాత ఎర్ర పెన్సిలు తీశాను. కొత్త బండి కొట్టేశాను, బల్ల చాలు. రంగుల బోర్డూ, ముగ్గురికీ ఒకేరకం చొక్కాలూ కొట్టేశాను. కొత్త పొయ్యీ కొట్టేశాను. అమ్మాయి ఇంట్లో కాచి తీసుకెళ్ళవచ్చు. తిండి వస్తువు గనుక ఆహారభద్రతా సంస్థలో నమోదు మాత్రం వుంచాను. వేడి తగ్గని పెద్ద డబ్బా, పాత్రలు, గ్లాసులు, ఆ నమోదు ఖర్చూ కలిపి 8,600 తేలింది.

"ఈ డబ్బు తాగేవాళ్ళనే అడగండి" అన్నాను. ముప్పై గ్లాసుల కూపన్ల పుస్తకం 450 బదులు 400కే ముందుగా అమ్మమన్నాను. వారం తిరిగేసరికి ఇరవై ఆరు పుస్తకాలు అమ్ముకొచ్చారు. 10,400 రూపాయలు. మొదటి పుస్తకం మా ఆవిడ కొన్నది, రెండోది నేను.

"ఇంకేం, సామాను కొనేయండి" అన్నాను గర్వంగా.

ఆ అమ్మాయి మెల్లగా, "ఇది మన డబ్బు కాదు కదా మాస్టారూ" అంది. "అప్పే. గ్లాసుల్లో తీర్చాలి. ఇరవై ఆరు పుస్తకాలంటే 780 గ్లాసులు. ఎనిమిదేసి రూపాయల చొప్పున 6,240 పక్కన పెట్టకపోతే పదో రోజుకే పిండి వుండదు."

వ్యాకరణం చెప్పే మాస్టారికి లెక్కల మాస్టరమ్మ దొరికింది! నిజమే. మిగిలేది 4,160. ముగ్గురూ తమ పాకెట్ మనీలోంచి తలా 1,500 వేసుకున్నారు. సామాను కొనగా 60 రూపాయలు మిగిలాయి. "కొబ్బరికాయకు సరిపోతుంది" అంది మా ఆవిడ.

1959లో బొంబాయి గిర్గాంలో ఏడుగురు ఆడవాళ్ళు మేడమీద అప్పడాలు వొత్తడం మొదలుపెట్టినప్పుడు వాళ్ళ పెట్టుబడి అప్పుతెచ్చిన 80 రూపాయలు. అదే తర్వాత లిజ్జత్ అప్పడమైంది. అందరి పనీ అంతటిది కాకపోవచ్చు. మన పిల్లల్లోనూ వొకడు తెల్లవారుజామున నాలుగింటికి లేవలేక నెలలోపే తప్పుకున్నాడు. వాడి 1,500 విడతలుగా తిరిగి ఇస్తున్నారు. ఎవరికెంత అన్నది మొదటిరోజే కాగితం మీద రాయించాను గనుక స్నేహం చెడలేదు. మిగిలిన ఇద్దరూ రోజుకు నలభై, యాభై గ్లాసులు అమ్ముతున్నారు. వానపడితే పదిహేను.

మీ ఇంట్లోనూ రేపో మాపో వొక పిల్లో పిల్లవాడో పద్దు పట్టుకుని నిలబడవచ్చు. వెంటనే కాదనకండి, వెంటనే బీరువా తాళమూ తీయకండి. పక్కన కూర్చుని వొక ఎర్ర పెన్సిలు చేతికివ్వండి. పోయినా ఇల్లు కదలనంత సొమ్ముతో మొదలుపెట్టనివ్వండి.

మొన్న కూపన్ల పుస్తకం అయిపోతే మరొకటి కొనడానికి పార్కుకు వెళ్ళాను. ఆ తల్లే గ్లాసులు కడుగుతోంది. నన్ను చూసి కొంగు సర్దుకుని నవ్వింది. నానుతాడు మెళ్ళోనే వుంది.