మిగిలిన చిఱు ఉల్లిగడ్డలు



యాసంగి ఉల్లిగడ్డను త్రవ్వి, పెద్దవానిని అంగడికి తోలిన పిమ్మట, కళ్లమున ఒక మూల రేగుపండంత గడ్డలు మిగులును. బేరగాడు వానిని ముట్టడు. మనము గోనెసంచిలో క్రుక్కి పడవేయుదుము. తొలకరి నాటికి సంచి చెమర్చి నల్లబూజు పట్టును. పలువురకు ఉపదేశించు నేనును ఒక ఏడు నా పెరటి గడ్డలను సిమెంటునేలపై సంచులలో నిలిపి, ఆషాఢమున ఎరువుదిబ్బకు మోసికొంటిని. వానిని చెఱచినది నా అశ్రద్ధయే.

మొదట గడ్డ జాతి నెఱుగవలెను. యాసంగి రకములు ఊరుటకు పొడుగగుచున్న పగళ్లు కావలెను. ఆగస్టు పిదప పగళ్లు కురుచనగును గనుక అట్టి గడ్డలను అప్పుడు నాటినచో ఆకే గాని గడ్డ సరిగా దిగదు. వానిని ఉల్లికాడలకై నాటి అమ్ముకొనుట మేలు. వానాకాలపు గడ్డ కోరువారు అగ్రిఫౌండ్ డార్క్ రెడ్ వంటి రకమును జనవరి నెలాఖరున నారుమడిలో చల్లి, నారు పీకక అందే ఊరనిచ్చి, ఏప్రిల్, మే నెలలలో తీయవలెను. ఒకటిన్నర మొదలు రెండు సెంటీమీటర్ల లావు గడ్డలు నాటుటకు తగినవి. ఎకరమునకు సుమారు 4, 5 క్వింటాళ్లు పట్టును. ఆగస్టులో నాటిన పైరు విత్తనపు పైరుకంటె ముందుగా చేతికి వచ్చును.

నిలువ విధానము కష్టమైనది కాదు. ఆకుతోనే తీసి, నీడలో ఆరబెట్టి, దెబ్బతిన్నవానిని ఏఱివేసి, కట్టలు కట్టి గాలి యాడు పాకలో వ్రేలాడదీయవలెను. గుట్టగా పోయువారు నేలకు రెండడుగుల యెత్తున వెదురుతడిక వేసి, క్రిందినుండి గాలి తగులనీయవలెను. జనగామ మెట్టలకంటె భూపాలపల్లి అడవిచేరువ పల్లెలలో వానకాలపు చెమ్మ హెచ్చు. అచ్చట పక్షమున కొకమాఱు ఏఱివేత తప్పదు.

మిరప బస్తాలు దాచు శీతలగిడ్డంగిలో వీనిని కూడ ఉంచరాదాయని మహబూబాబాదు వైపు కొందఱు అడుగుదురు. కూడదు. నాటబోవు గడ్డకు ఆ చలి తగిలినచో, అందును లావుపాటి గడ్డకు, పూకాడ వెడలు ప్రమాదము కలదు. 25 మొదలు 30 డిగ్రీల వెచ్చదనమే దానికి హితము.

ఒంటరి రైతు నాలుగు క్వింటాళ్లకై పాక వేయజాలడు. పదిమంది కలసిన వేయగలరు. సంఘము లున్నది ఇందుకే గదా! సమగ్ర ఉద్యాన అభివృద్ధి మిషను సహాయము పొందదగిన పనులలో ఉల్లి నిలువపాకయు నొకటి. 2016లో జిల్లాలు చిన్నవైన పిదప ఉద్యానశాఖ కార్యాలయము మునుపటికంటె చేరువైనది. ఎరువుల పంపకముతో తృప్తిపడక, ప్రతి సంఘమును ఈ వేసవికి ముందే ఒక పాకను నిర్ణయింపవలెనని నా మనవి.

ఉల్లి చేసిన మేలు తల్లియు చేయదని మనవారి మాట. ఆ తల్లిని గోనెసంచిలో క్రుళ్లనిచ్చి, జూన్ నెలలో విత్తనమునకై అప్పు చేయుట మనకు తగునా?