రంగు చూసి పిట్టల్ని తెచ్చేవాళ్ళకి

చీర కొనేటప్పుడు అంచు చూస్తాం, పల్లూ చూస్తాం, రంగు పోతుందా అని కొట్టువాణ్ణి పదిసార్లు అడుగుతాం. పిట్టల దగ్గరికొచ్చేసరికి ఆపాటి విచారణ కూడా ఉండటం లేదు. డాబా మీద జాలీ కట్టించి పిట్టలగది లేపడం, "ఆకుపచ్చవి నాలుగు, ఎర్రవి ఓ జత, తెల్లవి రెండు" అని చీటీ రాసివ్వడం! మా దొనకొండలోనూ ఈ ముచ్చట మొదలైంది.

ఆకుపచ్చవంటే రామచిలకలు. నాకు తెలీక అడుగుతాను, దొనకొండ మనిషికి రామచిలకని బోనులో చూసుకోవలసిన ఖర్మేమిటండీ? రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇంగ్లీషువాళ్ళు వేసిన విమానాల మైదానం మనకుంది. విమానాలు మానేసి ఎన్నేళ్ళో అయింది. ఇప్పుడక్కడ ఎగిరేవి పిట్టలే. కాస్త తలెత్తి చూస్తే చాలు, పైసా ఖర్చు లేదు.

చట్టం మాటా చెప్పుకుందాం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలకని ఇంట్లో పెంచడం నేరం. చిలకజోస్యం చెప్పేవాడి చిలకకీ మినహాయింపు లేదు. ఆ చిలక బజారుకెలా వస్తుంది? చెట్టుతొర్రలో రెక్కలు రాని పిల్లల్ని చెయ్యిపెట్టి లాగితే వస్తుంది. దారిలో చచ్చినవి పోగా మిగిలింది మీ చేతికిస్తాడు. "జామపండు పెడతాంగా, బయటుంటే గద్ద తన్నుకుపోదూ?" అంటుందొకావిడ. గద్దకి ఆకలేసి తన్నుకుపోతుంది. మనకేమొచ్చింది?

(పంజరంలో చిలకని చూపించి ఆడదాని బతుకింతే అనే కథలు మా రచయిత్రులం కావలసినన్ని రాశాం. ఈ ఒక్కసారికి చిలకని చిలకగానే చూద్దాం.)

ఎర్రవి సాధారణంగా జినువాయిలు. అవీ మన చేలగట్ల మీది పిట్టలే, వలేసి పట్టినవే. ఎర్రవి దొరక్కపోతే మామూలు జినువాయికి రంగు పులిమి అమ్మే ఘనులూ ఉన్నారు. ఈకలు రాలి కొత్తవి రాగానే బండారం బయటపడుతుంది. చీర రంగు గురించి అన్నిసార్లు అడిగిన మనం దీన్ని ఒక్కమాటా అడగలేదు!

"అయితే పిట్టల్నే పెంచకూడదంటావా?" అంటారు. అడవిలో పట్టినవి వద్దంటాను. మనవాళ్ళు లవ్‌బర్డ్స్ అని పిలిచే చిన్న చిలకలు చాలామట్టుకు బడ్జీలు. పుట్టిల్లు ఆస్ట్రేలియా. జాన్ గూల్డ్ అనే ఆయన 1840లో వాటిని ప్రాణాలతో ఇంగ్లండుకు చేర్చాడు. తరతరాలుగా బోనులోనే పుట్టి పెరుగుతున్నాయి. మెట్టనేల పిట్టలు కాబట్టి నీడా నీళ్ళూ ఉంటే మన ఎండల్ని ఓర్చుకుంటాయి. అసలు లవ్‌బర్డ్స్ వేరు. అవి ఆఫ్రికావి. పేరులో ప్రేమ ఉందని మోసపోకండి, పక్కన సన్న పిట్టలుంటే కాళ్ళు కొరికేస్తాయి. పేర్ల గందరగోళంలో రెంటినీ ఒకే గదిలో తోసి, పొద్దున్నే రక్తం చూసి, దిష్టి తగిలిందని మిరపకాయలు తిప్పినవాళ్ళు నాకు తెలుసు. జీబ్రా ఫించీలు కావాలంటే వాటికి విడిగా గది కట్టండి. గది ఎత్తు పెంచి లాభం లేదు, పొడుగుండాలి. పిట్ట అడ్డంగా ఎగురుతుంది గాని లిఫ్టులా పైకీ కిందికీ పోదు. గుంపులో బతికే జాతిని ఒంటరిగా అద్దంముందు కూర్చోబెట్టి "మాట్లాడు, మాట్లాడు" అని వేధించకండి.

తెచ్చాక విసుగొస్తే వదిలేద్దామనుకుంటారు కొందరు, స్వేచ్ఛ ఇచ్చామని పుణ్యం కూడా కట్టుకుంటారు. గిన్నెలో గింజ తప్ప ఎరగని బడ్జీ ఏ కాకికో చిక్కడానికి ఒక పూట చాలు. ఆరేళ్ళో ఎనిమిదేళ్ళో బతికే ప్రాణి అది. కొనమని ఏడ్చిన పిల్లాడు ఈలోగా హాస్టలుకి పోతాడు. కొన్న ఆయన వచ్చినవాళ్ళకి చూపించి మురుస్తాడు. రోజూ రెట్ట గీకేది, నీళ్ళు మార్చేది, వేసవిలో గోనెపట్టాలు తడిపి కట్టేది ఎవరమ్మా? మీరూ నేనూ. అందుకే ఏ పిట్టలు, ఎన్ని అన్నది మనల్ని అడక్కుండా తేల్చడానికి వీల్లేదు. ఆ పని పంచుకోనంటే జాలీ విప్పించేసి, అదే డాబా మీద నీడపట్టున వెడల్పాటి మట్టిమూకుడు పెట్టి నీళ్ళు పొయ్యండి. గోరింకలూ పిచ్చుకలూ వాటంతటవే వస్తాయి.