ఒకే పుస్తకము – ఇరువురి వ్రాత

పూర్వము ఇంటి పద్దుపుస్తకము ఒక్కటియే యుండెడిది. అది ఒకరి చేత నున్నప్పుడు రెండవవారు వేచియుండక తప్పదు. కావున ఒకరి వ్రాతను మరియొకరు తెలియక చెరుపుటకు తావు లేకుండెను. నేడు అనేక గృహములలో పద్దులును, ఔషధముల పట్టికలును కంప్యూటరు ఫైళ్లుగా మారినవి. ఇంటనున్న యంత్రములన్నిటికిని అందునట్లు వానిని నెట్‌వర్కుపై నొక సర్వరునందు నిలువ చేయుచున్నారు. పుస్తక మొక్కటియే, కాని అది ఏకకాలమున నలువురి చేతులలో నుండవచ్చును. ఈ సౌకర్యమునందు దాగియున్న యపాయమును, దాని నివారణోపాయములను ఈ మాసమున సోదరీమణులకు నివేదింపదలచితిమి.

అత్తగారికి ఇన్సులిను ఇచ్చిన వేళలను ఇద్దరు కోడండ్రు ఒకే ఫైలునందు వ్రాయుచున్నా రనుకొందము. ఉదయము ఎనిమిది గంటలకు ఇద్దరును తమ తమ యంత్రములపై దానిని తెరచిరి. ఇద్దరికిని కనబడినది నిన్నటి పట్టికయే. పెద్దకోడలు ఉదయపు మోతాదు ఇచ్చినట్లు వ్రాసి ఫైలును మూసెను. చిన్నకోడలు చక్కెర పరీక్ష ఫలితమును వ్రాసి, పిమ్మట మూసెను. ఆమె యెదుటనున్న ప్రతిలో తోడికోడలి వ్రాత లేదు. వ్రాతపని చేయు సాధనములలో పెక్కులు ఫైలునంతను తిరుగ వ్రాయును గనుక ఆ వ్రాత సర్వరునుండియు తొలగిపోయెను. పిమ్మట చూచినవారు మోతాదు పడలేదని తలచి మరల నిచ్చినచో, చక్కెర ప్రాణాపాయ మగునంతగా తగ్గవచ్చును. ఇందు యంత్రము చెడలేదు. ఎవరును తప్పు వ్రాయలేదు. హెచ్చరిక యైనను రాలేదు. అదియే ఇందలి భయంకర విషయము.

ఇట్లేల జరుగును? ఇట్టి ఏర్పాటులలో ప్రసిద్ధమైన ఎన్.ఎఫ్.ఎస్. అను దానిని ఉదాహరణగా గైకొందము. దీనిని అమెరికాలోని సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 1985వ సంవత్సరమున వెలువరించెను. ప్రతి చిన్న పనికిని సర్వరును అడుగుచుండిన ఆలస్యమగును గనుక, ప్రతి యంత్రమును ఫైలు ప్రతిని తనకడ నుంచుకొనును. ఒకరు ఫైలును మూసినప్పుడు వారి వ్రాత సర్వరును చేరును. ఆ తరువాత తెరచువారికి క్రొత్త వ్రాత కనబడును. ఈ విధానము వాగ్దానము చేయున దింతమాత్రమే. ఇద్దరును ముందే తెరచియుంచిన ఫైలు విషయమున అట్టి వాగ్దానమేదియు లేదు. లైనక్సు యంత్రములలో సాధారణముగా, ఫైలు మారినదా యని మరల విచారించుటకు 3 మొదలు 60 సెకండ్ల వరకు పట్టవచ్చును. చివర నొక పంక్తిని మాత్రము చేర్చుటయు నిరపాయము కాదు. ఫైలు అంతమెచ్చటనో ప్రతి యంత్రమును తానే లెక్కించుకొనును గనుక, ఇద్దరి పంక్తులును ఒకే చోట పడి యొకటి మాసిపోవచ్చును.

దీనికి విరుగుడు లాకు, అనగా తాళము. చదువువారు ఎందరైనను కలసి చదువవచ్చును. వ్రాయువారు మాత్రము ఒక్కరే యుండవలయును, అప్పుడు చదువువారును ఆగవలయును. ఈ సమస్యను కూర్త్వా, హేమన్స్, పార్నాస్ అను మువ్వురు 1971లో చక్కగా చర్చించిరి. చదువువారికే ఎల్లప్పుడును ముందు చోటిచ్చినచో వ్రాయువారి వంతు ఎన్నటికిని రాకపోవచ్చును. వ్రాయువారికే ఇచ్చినచో చదువువారి గతియు నంతియే.

తాళము తీసికొనినవారి యంత్రము కరెంటు పోయి ఆగినచో నేమగును? తొలుత ఎన్.ఎఫ్.ఎస్. సర్వరు, ఎవరు ఏ ఫైలు తెరచిరో జ్ఞప్తియందుంచుకొనెడిది కాదు; తాళముల పనిని వేరొక సాధనము చూచెడిది. 2000వ సంవత్సరమున తొలిసారి వెలువడిన నాలుగవ కూర్పునందు తాళములను విధానములోనే చేర్చిరి. ఇందు తాళము శాశ్వతము కాదు, గడువు గల కౌలు వంటిది. లైనక్సు సర్వరునందు ఆ గడువు సాధారణముగా 90 సెకండ్లు. యంత్రము దానిని పొడిగించుకొనుచుండవలయును. పొడిగింపనిచో తాళమునందు హక్కు పోవును. సర్వరే ఆగి మరల లేచినచో, కొంత తడవు పాత హక్కుదారులకు మాత్రమే తమ తాళములను తిరిగి కోరు నవకాశమిచ్చి, క్రొత్తవారిని ఆపును.

కాని సోదరీమణులు ముఖ్యముగా గ్రహింపవలసిన దొకటి కలదు. ఈ తాళములు పెక్కు తావుల తలుపునకు వేసిన గొళ్లెము వంటివి కావు; లోపల మనిషి యున్నదని తెలుపు మాట వంటివి. అడిగి వచ్చువారు ఆగుదురు. అడుగక తోసికొని వచ్చువారిని అవి ఆపలేవు. కావున యంత్రమెంత చక్కనిదైనను ఇంటివారి కట్టుబాటు లేక రక్షణ లేదు.

ఆ కట్టుబాట్లను మేమిట్లు సూచించుచున్నాము. చూచుటకు మాత్రమే తెరచునప్పుడు చదువుటకై తెరచు పద్ధతినే యెంచుకొనవలయును. వ్రాసిన వెంటనే మూయవలయును. తెరచియుంచి వంటకు పోరాదు. ఫైలును మరియొకరు తెరచియున్నారని యంత్రము తెలిపినప్పుడు దానిని త్రోసిపుచ్చక, ఆ యొకరిని కనుగొని యడుగవలయును. సాధ్యమైనచోట ఎవరి ఫైలు వారికుంచి, దినాంతమున నొక్కరే వానిని కలుపుట మేలు. పాత ప్రతులను దినమున కొకటి చొప్పున దాచవలయును.

ఇక ఔషధముల వంటి ప్రాణముతో ముడిపడిన విషయములలో, ఫైలు నెంత నమ్మినను, మోతాదు ఇచ్చిన వెంటనే నోటితో రెండవవారికి చెప్పుటయు, మంచము ప్రక్క గోడపై కాగితమున గుర్తు పెట్టుటయు మానరాదు. ఆ కాగితము ఒక్కటియే. దానిని చూడక వ్రాయువారుండరు.